లోపల తయారైన కొవ్వు బయటి పొరకు ఎలా చేరుతుంది?

శ్రావణి_మైక్రో • సోమవారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. వచ్చే సోమవారం నా సెమినార్. గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా పొరల గురించి మాట్లాడాలి. ఆ బొమ్మ వేయడం డిగ్రీ నుంచీ అలవాటే: లోపలి పొర, మధ్యలో పెరిప్లాజమ్ అనే నీటి సందు, అందులో పలచటి పెప్టిడోగ్లైకాన్ గోడ, ఆపైన బయటి పొర. నిన్న రాత్రి మళ్ళీ వేస్తుంటే ఒక అనుమానం వచ్చింది. ఈ పొరలు కట్టే కొవ్వు అణువులు, అంటే ఫాస్ఫోలిపిడ్లన్నీ, తయారయ్యేది లోపలి పొర దగ్గరే. బయటి పొరలోనూ అవే ఫాస్ఫోలిపిడ్లు ఉన్నాయి. మధ్యలో ఉన్నదేమో నీళ్ళు. కొవ్వు నీళ్ళలో కలవదు కదా, మరి అటువైపుకు ఎలా వెళ్తోంది? మా పుస్తకంలో ఎల్‌పీఎస్ (బయటి పొరలో ఉండే, చక్కెర గొలుసు తగిలిన కొవ్వు) గురించి ఒక పేజీ ఉంది. ఫాస్ఫోలిపిడ్ల ప్రయాణం గురించి ఒక్క వాక్యం కూడా లేదు. క్లాసులో అడిగితే సిలబస్‌లో లేదన్నారు. సెమినార్‌లో ఎవరైనా ఇదే అడిగితే ఏం చెప్పాలో అని టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పగలరా?

పాత_లెక్చరర్ • సోమవారం, రాత్రి 10:05

అమ్మా శ్రావణీ, మంచి ప్రశ్న అడిగావు. డిగ్రీ కాలేజీలో 31 ఏళ్ళు ఆ బొమ్మ నేనూ వేశాను, పిల్లల చేత వేయించాను. ఈ ప్రశ్న వేసినవాళ్ళు నాకు తెలిసి ఒకరో ఇద్దరో.

ఇప్పటి పరిశోధన గురించి చెప్పేవాళ్ళు ఇక్కడ ఉన్నారు. నేను పాత సంగతి చెప్తాను. 1968లో మాన్‌ఫ్రెడ్ బేయర్ ఈ.కోలై బ్యాక్టీరియా కణాలను చిక్కటి చక్కెర ద్రావణంలో ఉంచి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూశారు. నీరు బయటికి పోయి లోపలి పొర ముడుచుకుంది. కానీ అక్కడక్కడ అది బయటి పొరకు అతుక్కునే ఉంది, కణానికి 200 నుంచి 400 చోట్ల. వాటికే బేయర్ వంతెనలని పేరొచ్చింది. కొవ్వు ఆ అతుకుల దగ్గర ఒక పొర నుంచి ఇంకో పొరలోకి జారిపోతుందని మాకు పాఠం చెప్పారు. మేమూ అదే నమ్మాం. తర్వాత నమూనాలను వేగంగా గడ్డకట్టించి చూసే పద్ధతులు వచ్చాయి. వాటితో చూస్తే ఆ అతుకులు అలా కనపడలేదు. నమూనాను సిద్ధం చేసే రసాయనాల వల్లే అవి ఏర్పడి ఉంటాయని 1990లో కెల్లెన్‌బెర్గర్ గట్టిగా వాదించారు.

ఇంకో ప్రయోగం నీ సెమినార్‌లో తప్పకుండా చెప్పు. 1977లో జోన్స్, మేరీ జేన్ ఆస్బార్న్ కలిసి సాల్మొనెల్లా బ్యాక్టీరియా బయటి పొరలోకి బయట నుంచి ఫాస్ఫోలిపిడ్లను చేర్చారు. చూస్తే అవి లోపలి పొరకు వెళ్ళిపోయాయి. అంటే రాకపోకలు రెండు వైపులా ఉన్నాయన్నమాట. దారి ఏదన్నది మాత్రం ఆ తర్వాత నలభై ఏళ్ళకు పైగా చిక్కలేదు.

కుతూహలం • సోమవారం, రాత్రి 10:31

నేను కామర్స్ చదివినవాణ్ణి, అయినా ఈ థ్రెడ్ వదలబుద్ధి కావడం లేదు. చిన్న సందేహం. బ్యాక్టీరియాకు అసలు రెండు పొరలు ఎందుకు? ఒకటి సరిపోదా?

ల్యాబ్_డాక్టర్_గుంటూరు • సోమవారం, రాత్రి 11:10

కుతూహలం గారూ, ఒక పొరతో బతికేవి కూడా బోలెడున్నాయి. 1884లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ ఊదారంగు వేసి కడిగినప్పుడు రంగు నిలిచినవి గ్రామ్ పాజిటివ్, పోయినవి గ్రామ్ నెగటివ్. ఈ రెండో రకానికే బయట ఇంకో పొర ఉంటుంది. ఆ పొర ఎందుకో పుస్తకంలో కంటే మా హాస్పిటల్ ల్యాబ్‌లో బాగా తెలుస్తుంది. వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ గ్రామ్ పాజిటివ్ అయిన స్టాఫిలోకాకస్ మీద పనిచేస్తుంది, గ్రామ్ నెగటివ్ అయిన క్లెబ్సియెల్లా మీద పనిచేయదు. కారణం మందు బలహీనత కాదు. ఆ అణువు చాలా పెద్దది. బయటి పొరలో ఉండే పోరిన్ రంధ్రాల్లో సుమారు 600 డాల్టన్ల (అణువు బరువు కొలత) దాకా ఉన్నవే దూరగలవు. వాంకోమైసిన్ 1,400 దాటుతుంది.

రంధ్రాల్లో దూరలేనివి కొవ్వు గుండా పోవచ్చు కదా అంటారేమో. అక్కడే ఆ పొర గొప్పతనం ఉంది. మామూలు పొరలో రెండు వరసలుంటాయి, రెండూ ఫాస్ఫోలిపిడ్లే. బయటి పొరలో లోపలి వరస మాత్రమే ఫాస్ఫోలిపిడ్లు. పైవరస అంతా ఎల్‌పీఎస్. ఆ అణువులను మెగ్నీషియం, కాల్షియం అయాన్లు ఒకదానికొకటి కట్టి ఉంచుతాయి. నూనెలో కరిగే మందులు కూడా ఆ గోడ దాటడానికి చాలా కష్టపడతాయి. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ చేసేదేమిటంటే, ఆ అయాన్లను తోసేసి ఎల్‌పీఎస్‌ను పట్టుకుని గోడ చెదరగొడుతుంది.

శ్రావణీ, పైవరస ఒకటి, కిందివరస ఒకటి అని బొమ్మలో రెండు రంగుల్లో చూపించు. మిగతా కథంతా ఆ తేడా మీదే నడుస్తుంది.

వలసపక్షి • మంగళవారం, తెల్లవారుజాము 3:15

జర్మనీలో పోస్ట్‌డాక్ చేస్తున్నాను. మా ల్యాబ్ పని ఈ పొరల మీదే. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

రెండు పొరల మధ్య దూరం సుమారు 20 నుంచి 25 నానోమీటర్లు. లిపిడ్ అణువు పొడవు రెండు, మూడు నానోమీటర్లు. అంటే దాని ఒంటి పొడవుకు పది రెట్ల దూరం నీటిలో దాటాలి. పైగా కణానికి శక్తినిచ్చే ఏటీపీ పెరిప్లాజమ్‌లో ఉండదు. ఏ పనికైనా శక్తి కణం లోపలి నుంచే రావాలి.

దాటాల్సిన సరుకు మూడు రకాలు. మొదటిది ఎల్‌పీఎస్. దీని కథ బాగా తేలింది. ఎమ్ఎస్‌బీఏ అనే ప్రొటీన్ దాన్ని లోపలి పొరలో లోపలి వరస నుంచి బయటి వరసకు తిప్పుతుంది. అక్కడి నుంచి ఎల్‌పీటీ అనే ఏడు ప్రొటీన్ల జట్టు అందుకుంటుంది. ఏ నుంచి జీ దాకా ఏడు. లోపలి పొరలో బీ, ఎఫ్, జీ ఏటీపీని ఖర్చుపెట్టి ఎల్‌పీఎస్‌ను పొరలో నుంచి పైకి లాగుతాయి. తర్వాత సీ, ఏ కలిసి పెరిప్లాజమ్ అంతా అడ్డంగా ఒక వంతెన కడతాయి. చివర డీ, ఈ ఆ అణువును బయటి పొర పైవరసలో దించుతాయి. గొట్టంలో గోలీలు పేర్చి కింద నుంచి ఒక్కొక్కటి తోస్తుంటే పైనుంచి ఒక్కొక్కటి బయటపడినట్టు, లోపల ఒక్కో ఏటీపీ తోపుకు వరస మొత్తం కదులుతుంది. 2018లో హార్వర్డ్‌లో డాన్ కాన్ బృందం రెండు రకాల కృత్రిమ బుడగలను ఈ ప్రొటీన్లతో కలిపి, ఒకదాని నుంచి ఇంకోదానికి ఎల్‌పీఎస్ వెళ్ళడం చూపించింది. ఒక్క ఈ.కోలై మీద ఎల్‌పీఎస్ అణువులు పది లక్షలకు పైగా ఉంటాయి. మంచి తిండి దొరికితే ఆ కణం 20 నిమిషాల్లో రెండవుతుంది. ఆ 20 నిమిషాల్లో అన్ని లక్షల అణువులూ ఆ వంతెనల మీదుగానే దాటాలి.

రెండోది లైపోప్రొటీన్లు. ఒక చివరకు కొవ్వు తగిలించిన ప్రొటీన్లు ఇవి. వీటిని మోసేది లోల్ వ్యవస్థ. జపాన్‌లో హజిమే తొకుద బృందం 1990లలో దీన్ని బయటపెట్టింది. ఇక్కడ వంతెన లేదు. లోల్-ఏ అనే చిన్న ప్రొటీన్ కొవ్వు తోకను తన పొట్టలో దాచుకుని, నీటిలో దాటి, అవతల లోల్-బీకి అప్పగించి వెనక్కి వస్తుంది.

మూడోది శ్రావణి అడిగిన ఫాస్ఫోలిపిడ్లు. అన్నిటికంటే మామూలు సరుకు ఇదే. చిట్టచివర అర్థమవుతున్నదీ ఇదే. దాని గురించి రేపు రాస్తాను.

భీమవరం_చెరువు • మంగళవారం, ఉదయం 6:40

తమ్ముడూ, చాలా బాగా చెప్పావు. మాది గోదావరి జిల్లా కాబట్టి నాకు ఇలా అర్థమైంది. లోల్-ఏ అంటే పంటు. ఎక్కించుకుని, ఏరు దాటించి, ఖాళీగా తిరిగొస్తుంది. ఎల్‌పీటీ అంటే వంతెన. ఈ మూడోది పంటా, వంతెనా?

నేను బీఎస్సీ జువాలజీ చదివి రొయ్యల చెరువులు చేస్తున్నాను. మా చెరువుల్లో విబ్రియో అంటే అందరికీ భయం. అదీ గ్రామ్ నెగటివే కదా. ఒక పంటలో ఎవరో చెప్పారని ఏదో మందు మేతలో కలిపి వేశాం. ఏమీ పనిచేయలేదు, పంట పోయింది. ఆ మందు ఎందుకు లోపలికి పోలేదో డాక్టరు గారి మాటతో ఇప్పుడు కొంత అర్థమవుతోంది.

ల్యాబ్_డాక్టర్_గుంటూరు • మంగళవారం, ఉదయం 8:15

అవునండీ, విబ్రియో గ్రామ్ నెగటివే. మీ మందు విషయంలో బయటి పొర ఒక కారణం అయి ఉండొచ్చు, ఇంకా వేరేవీ ఉండొచ్చు. పరీక్ష చేయించకుండా చెప్పలేం. ఒక మాట మాత్రం గట్టిగా చెప్తాను. కొలిస్టిన్‌ను కోళ్ళకు, రొయ్యలకు, మేతల్లో వాడటాన్ని మన దేశంలో 2019 జులైలో నిషేధించారు. ఐసీయూలో అన్ని మందులూ చేతులెత్తేశాక మా దగ్గర మిగిలే కొద్ది మందుల్లో అదొకటి. ఎల్‌పీఎస్ తలకు చిన్న అతుకు వేసి కొలిస్టిన్ పట్టు తప్పించే ఎంసీఆర్-1 అనే జన్యువును 2015లో చైనాలో గుర్తించారు. అది ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి సులువుగా పాకుతుంది. దయచేసి మీ చుట్టుపక్కల రైతులకు కూడా చెప్పండి.

భీమవరం_చెరువు • మంగళవారం, ఉదయం 8:32

తప్పకుండా చెప్తానమ్మా. మా సంఘంలో మాట్లాడతాను.

వలసపక్షి • మంగళవారం, రాత్రి 11:50

పంటు, వంతెన పోలిక నాకు చాలా నచ్చింది అన్నా. ఇకపై నేనూ అదే వాడతాను.

ఫాస్ఫోలిపిడ్ల కథలో మొదటి పెద్ద పేరు ఎంఎల్ఏ అనే ప్రొటీన్ల జట్టు. 2009లో ప్రిన్స్‌టన్‌లో మాలినవెర్ని, సిల్హావీ దీన్ని గుర్తించారు. ఇది పంటు పద్ధతి. బయటి పొరలో ఎంఎల్ఏ-ఏ ఒక రేవు. లోపలి పొరలో ఎఫ్, ఈ, డీ, బీ కలిసిన యంత్రం ఇంకో రేవు. మధ్యలో తిరిగే పంటు ఎంఎల్ఏ-సీ. ఈ జన్యువులు తీసేస్తే ఫాస్ఫోలిపిడ్లు బయటి పొర పైవరసలోకి, అంటే ఎల్‌పీఎస్ ఉండాల్సిన చోటికి చేరతాయి. గోడ బలహీనపడుతుంది. అందుకని ఎంఎల్ఏ పని తప్పు చోటికి చేరిన ఫాస్ఫోలిపిడ్లను ఏరి వెనక్కి, లోపలి పొరకు తేవడమని వాళ్ళు చెప్పారు. అంటే ఇది వచ్చే దారి. పోయే దారి కాదు.

క్రయో_కిరణ్ • బుధవారం, ఉదయం 7:25

ఇక్కడ నేను ఒప్పుకోను. నేను స్ట్రక్చరల్ బయాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. 2019లో రెండు వేర్వేరు బృందాలు ఎంఎల్ఏ లోపలి నుంచి బయటికి పంపుతుందని చూపించాయి. శుద్ధి చేసిన ప్రొటీన్లతో ప్రయోగం చేస్తే ఎంఎల్ఏ-డీ నుంచి ఎంఎల్ఏ-సీకి ఫాస్ఫోలిపిడ్ చక్కగా వెళ్ళింది. అసినెటోబాక్టర్ అనే గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియాలో ఎంఎల్ఏ తీసేస్తే కొత్త ఫాస్ఫోలిపిడ్లు లోపలి పొరలోనే పేరుకున్నాయి. వెనక్కి తెచ్చేది మాత్రమే అని తేల్చేయడం తొందరపాటు.

వలసపక్షి • బుధవారం, మధ్యాహ్నం 1:40

కిరణ్, ఆ పేపర్లు నేనూ చాలాసార్లు చదివాను. నా అభ్యంతరాలు చెప్తాను.

శుద్ధి చేసిన ప్రొటీన్ల ప్రయోగంలో ఆ మార్పిడికి ఏటీపీ అక్కర్లేకపోయింది. ఏ ప్రొటీన్ గట్టిగా పట్టుకుంటే సరుకు అటు పోతుంది. అందులో ఎంఎల్ఏ-సీ పట్టు చాలా గట్టిది. దాని చేతిలో నుంచి లాక్కోవాలంటేనే శక్తి కావాలి. మరి ఏటీపీ యంత్రం ఉన్నది లోపలి పొర వైపే. ఇక అసినెటోబాక్టర్ సంగతి. జార్జియా యూనివర్సిటీలో స్టీఫెన్ ట్రెంట్ బృందం 2020లో ఆ ఎంఎల్ఏ మ్యుటెంట్లను, అంటే ఆ జన్యువులు తీసేసిన కణాలను, మళ్ళీ కొత్తగా తయారుచేసి చూసింది. ఫాస్ఫోలిపిడ్లు బయటికి పోవడంలో తేడా కనపడలేదు.

నన్ను పూర్తిగా ఒప్పించింది మాత్రం ఇంకోటి. అసినెటోబాక్టర్ కొలిస్టిన్ నుంచి తప్పించుకోవడానికి తన ఎల్‌ఓఎస్‌ను, అంటే ఎల్‌పీఎస్‌లోనే పొట్టి రకాన్ని, తయారుచేయడం పూర్తిగా మానేయగలదు. అప్పుడు బయటి పొర పైవరసలో కూడా ఫాస్ఫోలిపిడ్లే నిండాలి. అలాంటి కణాలు బలహీనంగా పెరుగుతాయి. వాటిని ల్యాబ్‌లో తరతరాలుగా పెంచితే, బాగా పెరిగేలా మారినవి ఏం చేశాయో తెలుసా? తమ ఎంఎల్ఏ జన్యువులను పాడుచేసుకున్నాయి. దాంతోపాటు బయటి పొరలో ఫాస్ఫోలిపిడ్లను కోసే పీఎల్‌డీ-ఏ జన్యువును కూడా. ఎంఎల్ఏ ఫాస్ఫోలిపిడ్లను బయటికి పంపేదే అయితే, ఫాస్ఫోలిపిడ్లు అత్యవసరమైన సమయంలో ఆ కణం దాన్నెందుకు వదులుకుంటుంది? అది వెనక్కి లాగేస్తోంది కాబట్టే వదులుకుంది. ఈ పని 2018లో వచ్చింది.

క్రయో_కిరణ్ • బుధవారం, సాయంత్రం 6:05

ఆ పేపర్ సారాంశం వరకే చదివాను. పూర్తిగా చదివి మళ్ళీ రాస్తాను. అయితే ఒకటి అడుగుతాను. ఎంఎల్ఏ ఒక్కటే కాదు కదా. దాని బంధువులు పీక్యూఐ, లెట్ ఉన్నాయి. ఎకియర్ట్, గిరా భాభా బృందాలు 2017లో చూపించిన ఆ నిర్మాణాలను చూసే నేను ఈ రంగంలోకి వచ్చాను. ఎంసీఈ అనే భాగం ఆరు కలిసి గాజులాంటి చక్రం అవుతుంది. ఎంఎల్ఏ-డీలో ఒకే చక్రం. పీక్యూఐ-బీలో మూడు చక్రాలు, వాటి మీద సూది, చూడటానికి సిరంజిలా ఉంటుంది. లెట్-బీలో ఏడు చక్రాలు ఒకదాని మీద ఒకటి పేర్చి గొట్టంలా ఉంటాయి, పెరిప్లాజమ్ మొత్తం దాటే పొడవుతో. అంత చక్కటి గొట్టం ఉండగా ఫాస్ఫోలిపిడ్లు దాని గుండా బయటికి పోవని ఎలా అంటాం?

వలసపక్షి • బుధవారం, రాత్రి 9:30

నిజంగా అందమైన నిర్మాణం అది. కానీ ఈ మూడింటినీ ఒకేసారి తీసేసినా ఈ.కోలై హాయిగా బతుకుతుంది. ఫాస్ఫోలిపిడ్లను బయటి పొరకు చేర్చే ఏకైక దారి మూసేస్తే కణం చచ్చిపోవాలి. చావలేదంటే అసలు దారి వేరే ఎక్కడో ఉంది.

ఇంకో సంగతి. ఎంసీఈ అన్న పేరు క్షయ బ్యాక్టీరియా నుంచి వచ్చింది. 1993లో మొదట గుర్తించినప్పుడు అది మన కణాల్లోకి దూరడానికి పనికొస్తుందనుకుని 'మమేలియన్ సెల్ ఎంట్రీ' అని ఆ పేరు పెట్టారు. తర్వాత తేలిందేమిటంటే, ఎంసీఈ-4 మన శరీరంలోని కొలెస్టరాల్‌ను క్షయ బ్యాక్టీరియా లోపలికి లాగుతుంది, ఎంసీఈ-1 కొవ్వు ఆమ్లాలను లాగుతుంది. ఆ బంధువులవీ లోపలికి తెచ్చే పనులే.

కుతూహలం • బుధవారం, రాత్రి 9:48

పేరు ఒకటి, పని ఒకటి. మరి అసలు దారి ఏది? ఇంకా ఆగలేను.

వలసపక్షి • గురువారం, తెల్లవారుజాము 2:20

ఈ రంగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

సిల్హావీ ల్యాబ్‌లోనే ఎంఎల్ఏ-ఏకి ఒక వింత మ్యుటెంట్ దొరికింది. రెండు అమైనో ఆమ్లాలు మాత్రమే పోయాయి. కానీ ఆ ప్రొటీన్ తన పని మానేయడం కాదు, ఉల్టాగా చేయడం మొదలుపెట్టింది. కిందివరసలో ఉండాల్సిన ఫాస్ఫోలిపిడ్లను పైవరసలోకి కారనిచ్చింది. దాంతో బయటి పొర బుడగలు బుడగలుగా ఊడిపోతుంది. ఆ లోటు తీర్చడానికి లోపలి పొర నుంచి ఫాస్ఫోలిపిడ్లు వరదలా బయటికి పారతాయి. తిండి అయిపోయి కొత్త కొవ్వు తయారుకాని సమయం వచ్చిందంటే లోపలి పొర కుంచించుకుపోయి చివరికి పగిలిపోతుంది. మైక్రోస్కోప్ కింద ఆ చావును చూడొచ్చు.

ఇక ఆలోచించండి. లోపలి పొర నుంచి బయటికి పోయే దారిని కొంచెం మూస్తే ఈ కణం చావు నెమ్మదించాలి కదా? అలా ఏ జన్యువు తీసేస్తే చావు ఆలస్యమవుతుందో వెతికారు. దొరికింది వైహెచ్‌డీపీ. 2020లో ఆ ఫలితం వచ్చింది. 'వై'తో మొదలయ్యే పేరంటే పని ఏమిటో తెలియని జన్యువుకు పెట్టిన తాత్కాలిక పేరు. 1,200కు పైగా అమైనో ఆమ్లాలున్న అంత పెద్ద ప్రొటీన్ ఏం చేస్తుందో అంతవరకూ సరిగా తెలియదు.

కానీ వైహెచ్‌డీపీ ఒక్కదాన్ని తీసేస్తే కణానికి పెద్దగా ఏమీ కాదు. ఇన్నాళ్ళూ ఈ దారి కనపడకపోవడానికి కారణం అదే. దానికి అన్నదమ్ములున్నారు. ఈ.కోలైలో ఆస్మ్-ఏ కుటుంబానికి చెందిన ప్రొటీన్లు ఆరు. 2021-22లో ఒహాయో స్టేట్‌లో నటివిడాడ్ రూయిజ్ బృందం, జార్జియాలో ట్రెంట్ బృందం, వేర్వేరుగా, ఒకే సమాధానానికి వచ్చాయి. వైహెచ్‌డీపీ, టామ్-బీ రెండూ తీసేస్తే కణం బాగా జబ్బుపడుతుంది, వాంకోమైసిన్ కూడా లోపలికి పోతుంది. వాటితోపాటు వైడీబీహెచ్ కూడా తీసేస్తే కణం బతకదు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి మిగిలినా బతుకుతుంది. అంటే ఒకే పనిని ముగ్గురు పంచుకున్నారు. టామ్-బీకి అప్పటికే వేరే పని అంటగట్టి ఉంది, కొన్ని ప్రొటీన్లను బయటి పొరకు చేరుస్తుందని. అందుకే దాన్ని కొవ్వు వైపు నుంచి ఎవరూ పెద్దగా చూడలేదు.

వీటి ఆకారం సంగతి వింటే భీమవరం అన్నకు నచ్చుతుంది. ఇవి గొట్టాలు కావు. పొడవాటి కాలువలు. ఒక వైపు తెరిచి ఉంటుంది, లోపలి గోడంతా నూనెను ఇష్టపడే అమైనో ఆమ్లాలు. ఫాస్ఫోలిపిడ్ కొవ్వు తోకలు ఆ కాలువలో దాగి జారితే, నీటిని ఇష్టపడే తల బయట నీటిలోనే తేలుతూ సాగుతుంది. ఒక చివర లోపలి పొరలో, ఇంకో చివర బయటి పొర దగ్గర.

భీమవరం_చెరువు • గురువారం, ఉదయం 6:15

ఇది తాటి దోనె. తాటి మాను నిలువుగా చీల్చి, లోపల తొలిచి, చేలోకి నీళ్ళు పారడానికి పెట్టేవాళ్ళం. మా తాతగారి పొలంలో ఉండేది. పైన తెరిచే ఉంటుంది, నీళ్ళు పక్కకు పోవు. శ్రావణమ్మా, ఎల్‌పీఎస్‌కు వంతెన, లైపోప్రొటీన్‌కు పంటు, ఫాస్ఫోలిపిడ్‌కు తాటి దోనె అని రాసుకో.

శ్రావణి_మైక్రో • గురువారం, ఉదయం 8:50

రాసుకున్నాను బాబాయ్ గారూ. ఇంత బాగా అర్థమవుతుందని అనుకోలేదు. అందరికీ ధన్యవాదాలు. ఇంకో రెండు ప్రశ్నలు. దోనెలో నీళ్ళు పల్లానికి పారతాయి. మరి ఇక్కడ ఫాస్ఫోలిపిడ్లు బయటికే పారాలని ఎవరు నిర్ణయిస్తారు? మధ్యలో పెప్టిడోగ్లైకాన్ గోడ అడ్డం రాదా?

వలసపక్షి • గురువారం, మధ్యాహ్నం 2:10

మొదటి ప్రశ్న మీద ఇప్పుడే ప్రపంచమంతా పనిచేస్తోంది. వైహెచ్‌డీపీలో ఏటీపీని ఖర్చుపెట్టే భాగం లేదు. ఒక వాదన ఏమిటంటే దానికి తోపు అక్కర్లేదు, లోపల కొత్త కొవ్వు తయారవుతూ బయట ఖాళీ ఏర్పడుతుంటే సరుకు సహజంగానే అటు పారుతుంది. నీ దోనె మాటలో చెప్పాలంటే లోపలి పొర మెరక, బయటి పొర పల్లం. నేను ఈ వాదన వైపే మొగ్గుతాను, ఎందుకంటే ఇందాక చెప్పిన మ్యుటెంట్‌లో బయటి పొర ఊడే కొద్దీ ప్రవాహం పెరిగింది. ముగ్గురు అన్నదమ్ములూ అచ్చం ఒకే సరుకు మోయడం లేదనడానికీ జన్యు ఆధారాలు వస్తున్నాయి. కొవ్వు తోకల రకాన్ని బట్టి వైహెచ్‌డీపీ, టామ్-బీ పని పంచుకుంటున్నట్టుంది.

పాత_లెక్చరర్ • గురువారం, సాయంత్రం 5:45

రెండో ప్రశ్నకు నేను చెప్తానమ్మా. పెప్టిడోగ్లైకాన్ ఇటుకల గోడ కాదు, వల. సన్నటి ప్రొటీన్లు ఆ కన్నుల్లో నుంచి పోగలవు. పైగా కణం పెరగాలంటే ఆ వలను అక్కడక్కడ కత్తిరించి కొత్త పోగులు వేయాలి. ఆ కత్తెర ఎంజైములను గుర్తించిన పని మన హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన సంస్థలో మంజులా రెడ్డి గారి ల్యాబ్‌ది. ఆ పరిశోధనకు 2019లో ఆమెకు లైఫ్ సైన్సెస్‌లో ఇన్ఫోసిస్ ప్రైజ్ వచ్చింది. సెమినార్‌లో ఈ మాట చెప్పు. మన పక్కనే జరిగిన పని మన పిల్లలకు తెలియాలి.

ఫార్మా_జీవి • గురువారం, రాత్రి 10:20

నేను హైదరాబాద్‌లో మందుల పరిశోధనలో ఉన్నాను. ఈ దారుల మీద మందులు కూడా వస్తున్నాయి. మురెపావాడిన్ అనేది సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాలో ఎల్‌పీటీ-డీని పట్టుకుంటుంది. మూడో దశ ట్రయల్స్ దాకా వెళ్ళింది. కిడ్నీలు దెబ్బతింటున్నాయని ఇంజెక్షన్ రూపాన్ని 2019లో ఆపేశారు. జోసురబాల్పిన్ అనే ఇంకో మందు సంగతి ఆశాజనకంగా ఉంది. రోష్ కంపెనీ వాళ్ళు దాదాపు 45 వేల చక్రీయ పెప్టైడ్లను (ఉంగరంలా చుట్టుకున్న చిన్న ప్రొటీన్ ముక్కలను) జల్లెడ పట్టి మొదలుపెట్టారు. డాన్ కాన్ ల్యాబ్‌తో కలిసి అది ఎలా పనిచేస్తుందో తేల్చి 2024 జనవరిలో ప్రచురించారు. ఎల్‌పీటీ యంత్రం సరుకు పట్టుకున్న క్షణంలోనే ఇది వెళ్ళి ఇరుక్కుంటుంది. సరుకు ముందుకూ పోదు, వెనక్కీ రాదు. గ్రామ్ నెగటివ్‌ల మీద పూర్తిగా కొత్త తరగతి మందు వచ్చి 50 ఏళ్ళు దాటింది. అందుకే మా వాళ్ళందరి కళ్ళూ దాని మీద ఉన్నాయి.

ల్యాబ్_డాక్టర్_గుంటూరు • శుక్రవారం, ఉదయం 7:35

ఆ వార్త చదివిన రోజు నాకు చాలా సంతోషం వేసింది. కార్బాపెనెమ్ యాంటీబయాటిక్‌లకు లొంగని అసినెటోబాక్టర్ రిపోర్టు మీద సంతకం చేసేటప్పుడు చేతికి బరువుగా ఉంటుంది. ఆ రిపోర్టు తీసుకునే డాక్టరుకు నేను ఇచ్చే మందుల జాబితాలో ఒకటో రెండో పేర్లుంటాయి. కానీ అందరూ ఒకటి గుర్తుంచుకోవాలి. జోసురబాల్పిన్ అసినెటోబాక్టర్ మీదే పనిచేస్తుంది, క్లెబ్సియెల్లా మీద కాదు. పైగా ఆ బ్యాక్టీరియా ఎల్‌ఓఎస్‌ను మానేసి కూడా బతకగలదని వలసపక్షి గారు చెప్పారు. ఎల్‌ఓఎస్ రవాణాను ఆపే మందుకు అది కూడా తప్పించుకునే దారే. అయితే అలా బతికే కణాలు బలహీనపడి, మామూలుగా లొంగని ఇతర మందులకు లొంగుతాయి. రెండు మందులు కలిపి వాడాల్సి రావచ్చని నా అభిప్రాయం.

క్రయో_కిరణ్ • శుక్రవారం, రాత్రి 8:10

2018 పేపర్ పూర్తిగా చదివాను. వలసపక్షి గారు చెప్పింది నిజం. ఎంఎల్ఏ ముఖ్యమైన పని వెనక్కి తేవడమే అని ఒప్పుకుంటున్నాను.

చదువుతుంటే ఇంకో సంగతి దొరికింది. ఆ తాటి దోనె ఆకారం మన శరీరంలోనూ ఉంది. వీపీఎస్-13, ఏటీజీ-2 అనే ప్రొటీన్లు మన కణాల్లో ఒక భాగం పొర నుంచి ఇంకో భాగం పొరకు ఇలాగే తెరిచిన కాలువలో కొవ్వును చేరుస్తాయి. వీపీఎస్-13లో నాలుగు రకాలున్నాయి. 'ఏ' రకం జన్యువు పాడైతే కొరియా అకాంథోసైటోసిస్ అనే అరుదైన నరాల జబ్బు వస్తుంది. 'సీ' రకం పాడైతే చిన్న వయసులోనే పార్కిన్సన్స్ రావచ్చు. ఈ.కోలైలో 'వై' పేరుతో ఏళ్ళ తరబడి పడి ఉన్న జన్యువుకు, మన మెదడు జబ్బుకు మధ్య ఇంత పోలిక ఉంటుందని అనుకోలేదు.

శ్రావణి_మైక్రో • సోమవారం, సాయంత్రం 6:30

సెమినార్ అయిపోయింది. 20 నిమిషాలు ఇచ్చారు, ప్రశ్నలతో కలిపి 50 నిమిషాలు అయింది. బేయర్ వంతెనల నుంచి మొదలుపెట్టాను. పంటు, వంతెన, తాటి దోనె బొమ్మలు మూడూ బోర్డు మీద వేశాను. సిలబస్‌లో లేదన్న మేడమే చివర్లో లేచి, వచ్చే ఏడాది పిల్లలకు ఈ బొమ్మలు చూపిస్తానన్నారు. మీ అందరికీ చేతులెత్తి నమస్కారం.

మా జూనియర్ ఒకమ్మాయి అడిగిన ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఎల్‌పీఎస్ ఒక దారిలో, ఫాస్ఫోలిపిడ్లు ఇంకో దారిలో వెళ్తున్నాయి కదా, రెండూ సరిగ్గా సమానంగా ఉండాలని కణానికి ఎలా తెలుస్తుంది అని.

వలసపక్షి • సోమవారం, రాత్రి 11:25

అభినందనలు శ్రావణీ! ఆ అమ్మాయికి కూడా నా తరఫున చెప్పు, ఆమె అడిగినదానికి ఒక చక్కటి జవాబు ఉంది.

ఇందాక చెప్పిన పీఎల్‌డీ-ఏ గుర్తుందా? బయటి పొరలో ఉండి ఫాస్ఫోలిపిడ్లను కోసే ఎంజైము. మామూలుగా అది నిద్రలో ఉంటుంది. పైవరసలోకి ఫాస్ఫోలిపిడ్లు వచ్చాయంటే ఎల్‌పీఎస్ తక్కువైందని అర్థం. అప్పుడది లేచి వాటిని కోస్తుంది. తెగిన కొవ్వు ఆమ్లాలు కణం లోపలికి చేరి ఎసైల్-కోఎ అనే అణువుగా మారతాయి. అది పెరిగితే ఎల్‌పీఎక్స్-సీని నరికే ఎంజైము నెమ్మదిస్తుంది. ఎల్‌పీఎస్ తయారీ వేగాన్ని నిర్ణయించే ఎంజైము ఎల్‌పీఎక్స్-సీయే. అది నిలిస్తే ఎల్‌పీఎస్ ఎక్కువ తయారవుతుంది, వంతెన మీదుగా వెళ్ళి ఆ ఖాళీ నింపుతుంది. మే, సిల్హావీ 2018లో దీన్ని చూపించారు. తప్పు చోటికి వచ్చిన సరుకు తునకే ఇక్కడ లోపలికి వెళ్ళే ఉత్తరం.

ఆ అమ్మాయిని ఈ వేదికలో చేరమను. ఎల్‌పీఎక్స్-సీని నరికే ఎఫ్‌టీఎస్‌హెచ్ గురించి విడిగా ఒక థ్రెడ్ మొదలుపెడదాం.